ముంజేతి నరాల మధ్య పిల్లకాలువ: మార్టిన్–గ్రూబర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో నరాల టెస్టులు చేస్తాను. చేతికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చి, నరం ఎంత వేగంగా, ఎంత బలంగా పనిచేస్తోందో చూసే పరీక్ష అది. పేషెంట్లు దాన్ని “కరెంటు టెస్ట్” అంటారు, మేం ఎన్‌సీఎస్ అంటాం. రిపోర్టు తీసుకుని వెళ్లినవాళ్లలో కొందరు రెండు రోజుల తర్వాత మళ్లీ వస్తారు. ఇంట్లో చదువుకునే పిల్లలెవరో ఆ కాగితం చూసి, “మార్టిన్–గ్రూబర్ అనాస్టమోసిస్” అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటారు. ఫోన్‌లో వెతికితే అర్థమైంది తక్కువ, పెరిగిన టెన్షన్ ఎక్కువ. అలా వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. మెడిసిన్, ఫిజియోథెరపీ చదివే పిల్లలు అడిగినవి కూడా కొన్ని కలిపాను.

రిపోర్టులో మార్టిన్–గ్రూబర్ అని రాశారు. ఇది ఏం జబ్బండీ?

జబ్బు కాదు. మీరు పుట్టినప్పటి నుంచీ మీ చేతిలో ఉన్న అమరిక. ముంజేతిలో ఒక నరంలోంచి కొన్ని పోగులు పక్క నరంలోకి వెళ్లి కలుస్తాయి, అంతే. దీనివల్ల నొప్పి రాదు, తిమ్మిరి రాదు, పట్టు తగ్గదు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు.

మరి రిపోర్టులో ఎందుకు రాస్తామంటే, ఈ సంగతి తెలియకుండా ఆ అంకెలు చూసిన డాక్టరు లేని జబ్బును ఉన్నట్టు, ఉన్న జబ్బును లేనట్టు అనుకునే ప్రమాదం ఉంది. ఆ మాట రాసేది అలాంటి పొరపాటు జరగకుండా ఉండడానికి.

అసలు చేతిలో ఎన్ని నరాలు ఉంటాయి? ఏది ఏం చేస్తుంది?

ముందు మన భాషలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేదాన్నీ నరం అంటాం, సెలైన్ ఎక్కించేది నరానికే అంటాం, కాలు లాగితే నరం పట్టేసిందంటాం. మొదటి రెండూ రక్తం పారే సిరలు. ఇక్కడ నేను చెప్పే నరం వేరు. అది తెల్లటి తాడులాంటిది. అందులో రక్తం పారదు. మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కండకు “కదులు” అన్న ఆజ్ఞను తీసుకెళ్తుంది, చర్మం నుంచి స్పర్శను వెనక్కి మోసుకొస్తుంది. ఒక్కో తాడులో వేల పోగులు ఉంటాయి.

చేతిలోకి ప్రధానంగా మూడు దిగుతాయి. మీడియన్ నరం ముంజేతి మధ్యలోంచి వచ్చి, మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగం దాటి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం వరకు స్పర్శ ఇస్తుంది. బొటనవేలి మొదట్లో ఉండే గుబ్బకండలో ఎక్కువ భాగం దీని చేతిలోనే ఉంది. అల్నార్ నరం మోచేతి లోపలి వైపు ఎముక వెనక నుంచి వస్తుంది. మోచేయి గుమ్మానికి తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అది ఈ నరమే. చిటికెన వేలికీ, ఉంగరపు వేలి మిగతా సగానికీ స్పర్శ ఇస్తుంది. వేళ్లను విప్పడం, దగ్గరికి చేర్చడం, తాళంచెవి తిప్పడం, సూదిలో దారం ఎక్కించడం వంటి పనులు చేసే అరచేతి చిన్న కండల్లో చాలావాటిని నడిపేది ఇదే. మూడోది రేడియల్ నరం. మణికట్టును పైకి లేపుతుంది. మన విషయంలో దానికి పని లేదు.

“నరం మీద నరం ఎక్కింది” అంటారు కదా, ఇదేనా అది?

కాదు. మెడ పట్టేసినా, నడుం పట్టేసినా, కాలు బెణికినా మన ఊళ్లలో ఆ మాట వాడతారు. అక్కడ జరిగేది ఎక్కువగా కండ బిగుసుకోవడం. నరం వెళ్లి ఇంకో నరం మీద ఎక్కి కూర్చోవడం అనేది శరీరంలో జరగదు. మార్టిన్–గ్రూబర్‌లో కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కదు, ఒక దాని కొమ్మ ఇంకోదానిలో కలుస్తుంది. మసాజ్‌తో, చేయి లాగించుకోవడంతో దాన్ని “సరిచేస్తాం” అని ఎవరన్నా నమ్మకండి. సరిచేయడానికి అక్కడ తప్పేమీ లేదు.

పక్క నరంలోకి వెళ్లి కలవడం ఏంటి? కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగిన కృష్ణ నీళ్లు విజయవాడ వైపు ప్రధాన కాలువలోకి వెళ్లి, అక్కడి నుంచి బందరు కాలువగా, ఏలూరు కాలువగా, రైవస్ కాలువగా చీలతాయి. నీళ్లన్నీ ఒక్క చోట నుంచి వచ్చినవే. ఇప్పుడు బందరు కాలువ కింద సాగవ్వాల్సిన ఒక పొలం ఉందనుకోండి. దాని వాటా నీళ్లు పొరపాటున ఏలూరు కాలువలోకి వెళ్లి, కొంత దూరం పోయాక ఒక పిల్లకాలువలోంచి మళ్లీ బందరు కాలువలోకి వచ్చి పడ్డాయనుకోండి. పొలానికి నీళ్లు అందాయి. రైతుకు తేడా తెలియదు. పంట బాగానే పండుతుంది.

చేతిలోనూ అంతే. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయటికొచ్చిన వేర్లు చంక దగ్గర ఒక వలలా అల్లుకుని, అందులోంచి మీడియన్, అల్నార్ నరాలు విడిపోతాయి. అరచేతి చిన్న కండలకు వెళ్లాల్సిన పోగులు చాలామందిలో అల్నార్‌లోకి వెళ్తాయి. కొందరిలో వాటిలో కొన్ని మీడియన్‌తో పాటు బయలుదేరి, మోచేయి దాటాక, ముంజేతిలో, వేళ్లను ముడిచే కండల రెండు పొరల మధ్య ఏటవాలుగా సాగి అల్నార్‌లో కలుస్తాయి. చేరాల్సిన కండకే చేరతాయి. దారి మాత్రం వేరు.

ఈ పిల్లకాలువ కొన్నిసార్లు మీడియన్ అసలు కాండం నుంచే మొదలవుతుంది, కొన్నిసార్లు దాని లోపలి కొమ్మ నుంచి. అందులో పోయేవి దాదాపు అన్నీ కండను కదిలించే పోగులే. స్పర్శ పోగులు చాలా అరుదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, గాయాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇది ఎంతమందికి ఉంటుంది?

ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగడితే సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటుంది. ఒక బస్సులో యాభై మంది కూర్చుంటే పదిమందికి దగ్గరగా. వాళ్లలో చాలామంది జీవితాంతం ఈ సంగతి తెలియకుండానే బతికేస్తారు, ఎందుకంటే తెలియాల్సిన అవసరం రాదు.

ఆ పేరు ఎవరిది?

ఇద్దరిది. 1763లో స్వీడన్‌కు చెందిన మార్టిన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త మొదట ఈ సంగతి రాశాడు. 1870లో గ్రూబర్ 250 ముంజేతులు కోసి చూసి, 38 చేతుల్లో దీన్ని కనిపెట్టాడు. కరెంటు టెస్టులు, స్కానింగులు ఏవీ లేని రోజుల్లో, కత్తి, ఓపిక తప్ప చేతిలో ఇంకేం లేకుండా ఆయన వేసిన లెక్క ఇవాళ్టి లెక్కకు అంత దగ్గరగా ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కొన్ని కోతి జాతుల్లో కూడా ఈ కలయికను చూశారు.

కరెంటు టెస్టులో ఇది ఎలా బయటపడుతుంది?

దీన్ని నిదానంగా చెబుతాను. మా పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

అల్నార్ నరం పరీక్షించేటప్పుడు చిటికెన వేలి కింద, అరచేతి అంచున ఉండే మెత్తటి కండ మీద చిన్న ఎలక్ట్రోడ్ అంటిస్తాం. తర్వాత మణికట్టు దగ్గర నరానికి షాక్ ఇస్తాం. కండ టక్కున ఎగురుతుంది, తెర మీద గుట్టలాంటి అల వస్తుంది. ఆ గుట్ట ఎత్తును మిల్లీవోల్టుల్లో కొలుస్తాం. ఉదాహరణకు 10 అనుకుందాం. ఇప్పుడు ఎలక్ట్రోడ్ కదపకుండా, షాక్‌ను మోచేయి కిందకు జరిపి అదే నరానికి ఇస్తాం. అదే నరం, అదే కండ. గుట్ట ఇంచుమించు అంతే ఎత్తు రావాలి, కాస్త తగ్గొచ్చు. కానీ 7 వచ్చింది. మిగతా 3 ఏమైంది?

మూడు కారణాలు ఉండొచ్చు. మొదటిది మా తప్పు: షాక్ ఇచ్చే కడ్డీ సరిగ్గా నరం మీద లేకపోవడం, చేయి లావుగా ఉంటే కరెంటు లోపలికి అందకపోవడం. రెండోది జబ్బు: మణికట్టుకూ మోచేతికీ మధ్య నరం దెబ్బతిని, సంకేతం దారిలో ఆగిపోవడం. దీన్ని కండక్షన్ బ్లాక్ అంటారు. మూడోది మన పిల్లకాలువ: ఆ 3 మోసే పోగులు మోచేయి దగ్గర అసలు అల్నార్‌లోనే లేవు, ఇంకా మీడియన్‌లోనే ఉన్నాయి.

తేల్చుకోవడానికి మార్గం చాలా సులువు. ఎలక్ట్రోడ్‌ను అక్కడే ఉంచి, మోచేయి మడత దగ్గర మీడియన్ నరానికి షాక్ ఇవ్వాలి. మామూలు చేతిలో చిటికెన వేలి కండ పలకదు. పిల్లకాలువ ఉన్న చేతిలో 3 మిల్లీవోల్టుల గుట్ట లేస్తుంది. తర్వాత మణికట్టు దగ్గర మీడియన్‌కు షాక్ ఇస్తే అది మాయమవుతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి ఆ పోగులు అల్నార్‌లోకి దాటిపోయాయి. ఏడూ మూడూ పది. లెక్క సరిపోయింది, నరం మంచిగానే ఉంది.

చిటికెన వేలి కండ పలకకపోయినా పరీక్ష అక్కడితో ఆపకూడదు. ఈ దాటిన పోగులు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక వైపు ఉబ్బెత్తుగా ఉండే కండకు. చూపుడువేలిని బొటనవేలి వైపు జరిపి చూడండి, ఆ కండ గట్టిపడుతుంది. ఎలక్ట్రోడ్‌ను దాని మీదికి కూడా మార్చి చూడాలి.

ఈ మూడు నిమిషాల పరీక్ష చేయకపోతే ఏమవుతుంది?

నేను ఈ పనిలో చేరిన కొత్తలో చేయలేదు. ఆటోనగర్‌లో పనిచేసే ఒక కుర్రాడు చేయి తిమ్మిరని వచ్చాడు. అల్నార్‌లో ఇలాగే గుట్ట తగ్గింది. నేను “ముంజేతిలో కండక్షన్ బ్లాక్” అని రాసేశాను. ఆ మాట చిన్నది కాదు. చేతుల నరాల్లో బ్లాక్ వచ్చే ఒక అరుదైన జబ్బుకు లక్షల్లో ఖర్చయ్యే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ కుర్రాడి తండ్రి పొలం కాగితాలు బయటికి తీసే దాకా వచ్చింది. ఒక పెద్ద డాక్టరు గారికి అనుమానం వచ్చి, మళ్లీ టెస్టుకు పంపి, పక్కన నిలబడి మోచేయి దగ్గర మీడియన్‌కు షాక్ ఇవ్వమన్నారు. చిటికెన వేలి కింద కండ టక్కున ఎగిరింది. కుర్రాడికి ఉన్నది మోటారు పనిలో మణికట్టు దగ్గర మొదలైన చిన్న ఇబ్బంది మాత్రమే.

ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. “అయితే ఏం లేదా అమ్మా?” అని రెండుసార్లు అడిగి, కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పటి నుంచి అల్నార్ గుట్ట తగ్గిన ప్రతి చేతికీ, ఎంతమంది వెయిటింగ్‌లో ఉన్నా, ఆ రెండు షాకులు అదనంగా ఇవ్వకుండా రిపోర్టు రాయలేదు. ఇప్పుడు నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

నాకు కార్పల్ టన్నెల్ ఉందన్నారు, మార్టిన్–గ్రూబర్ కూడా ఉందన్నారు. రెండిటికీ సంబంధం ఉందా?

ఒకదాని వల్ల ఇంకోటి రాదు. కానీ రెండూ ఒకే చేతిలో ఉంటే టెస్టులో అంకెలు వింతగా వస్తాయి.

కార్పల్ టన్నెల్ అంటే మణికట్టు సొరంగంలో మీడియన్ నరం నలిగిపోవడం. మంగళగిరిలో మగ్గం మీద కూర్చునేవాళ్లలో, మిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరే, తొడిమలు తీసే ఆడవాళ్లలో, గర్భిణుల్లో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో చూస్తుంటాం. రాత్రి నిద్రలో చేయి మొద్దుబారి మెలకువ వస్తుంది, లేచి విదిలిస్తే తగ్గుతుంది. పేషెంటు ఆ విదిలింపు చేసి చూపించగానే మాకు సగం అర్థమవుతుంది.

టెస్టులో వచ్చే వింత ఇదీ. మణికట్టు దగ్గర మీడియన్‌కు షాక్ ఇస్తే, సొరంగంలో నలిగిన నరం దాటి బొటనవేలి కండకు చేరడానికి, ఉదాహరణకు, 6 మిల్లీసెకన్లు పట్టింది. బాగా ఆలస్యం. మోచేయి దగ్గర ఇస్తే 8 పట్టిందనుకుందాం. రెండు చోట్లకూ మధ్య దూరం 22 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని 2 మిల్లీసెకన్లలో దాటినట్టు లెక్క వస్తుంది, అంటే సెకనుకు 110 మీటర్లు! మామూలుగా ముంజేతిలో వేగం 50, 60 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. నలిగిన నరం ఇంత వేగంగా పరుగెత్తడమేమిటి?

పరుగెత్తలేదు. మోచేయి దగ్గర ఇచ్చిన షాక్‌లో కొంత భాగం పిల్లకాలువలోంచి అల్నార్‌లోకి వెళ్లింది. అల్నార్ ఆ సొరంగంలోంచి పోదు కాబట్టి దానికి అడ్డు లేదు. ముందుగా వెళ్లి బొటనవేలి దగ్గర ఉన్న తన కండల్ని కదిలించేసింది. మా మెషీన్ ఆ తొలి కదలికనే పట్టుకుని టైము రాసుకుంది. రెండు వేర్వేరు దారుల టైములు తీసివేసి వేగం కడితే ఇలాగే వస్తుంది. జాగ్రత్తగా చూస్తే తెర మీద ఇంకో గుర్తు ఉంటుంది: మోచేయి దగ్గర షాక్ ఇచ్చినప్పుడు గుట్ట లేవడానికి ముందు గీత ఒక చిన్న గుంటలా కిందికి దిగుతుంది. మణికట్టు దగ్గర ఇస్తే ఆ గుంట ఉండదు. కార్పల్ టన్నెల్ చేతిలో ఆ గుంట, ఆ వేగం కలిసి కనిపిస్తే మార్టిన్–గ్రూబర్ ఉందని దాదాపు చెప్పేయొచ్చు.

కాబట్టి మీ రిపోర్టులో ముంజేతి వేగం చాలా ఎక్కువగా కనిపిస్తే “నరం బ్రహ్మాండంగా ఉంది” అని సంబరపడొద్దు. మణికట్టు దగ్గరి ఆలస్యాన్నే చూడాలి.

ఈ కలయిక వల్ల కార్పల్ టన్నెల్ ఆపరేషన్‌కు ఇబ్బందా?

మార్టిన్–గ్రూబర్ వల్ల కాదు. అది పైన ముంజేతిలో ఉంది, కోత మణికట్టు దగ్గర పడుతుంది. అరచేతిలో ఉండే ఇంకో కలయిక విషయంలో సర్జన్లు జాగ్రత్తపడతారు, దాని గురించి కింద రాశాను.

ప్రమాదంలో మోచేయి దగ్గర నరం తెగిందన్నారు, కానీ వేళ్లు కదులుతున్నాయి. తెగనట్టేనా?

అలా అనుకోవద్దు. జాతీయ రహదారి మీద బైక్ ప్రమాదాలు, ఇంట్లో అద్దం పగిలి గుచ్చుకోవడం లాంటి కేసుల్లో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది.

అల్నార్ నరం మోచేయి దగ్గర పూర్తిగా తెగినా, పిల్లకాలువ దానికి కిందుగా వచ్చి కలుస్తుంది కాబట్టి, మీడియన్‌లో వచ్చిన పోగులు క్షేమంగానే ఉంటాయి. చూపుడువేలు పక్కకు జరుగుతుంది, వేళ్లు కొంత విప్పుకుంటాయి. చూసినవాళ్లు “నరం సగమే తెగింది, చూద్దాంలే” అనుకునే అవకాశం ఉంది. అప్పుడు చిటికెన వేలి కొసను దూదితో, మొద్దు సూదితో తాకి చూడాలి. ఈ పిల్లకాలువలో స్పర్శ దాదాపుగా రాదని పైన చెప్పాను కదా. కదలిక ఉండి, చిటికెన వేలికి స్పర్శ బొత్తిగా లేకపోతే నరం మొత్తం తెగిందేమోనని అనుమానించి తీరాలి.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. మోచేయి దగ్గర మీడియన్ తెగితే, అల్నార్ బాగానే ఉన్నా అరచేతిలో అల్నార్ కండలు కొన్ని బలహీనపడతాయి. రెండు నరాలూ దెబ్బతిన్నాయని భయపడతారు, తెగింది ఒక్కటే. ఇక అల్నార్ మణికట్టు దగ్గరే తెగితే పిల్లకాలువ ఏమీ కాపాడలేదు. అది అప్పటికే అందులో కలిసిపోయి ఉంటుంది.

నాకు తిమ్మిరి ఉంది. మార్టిన్–గ్రూబర్ వల్లేనా?

కాదు. ఈ ఒక్క ప్రశ్నకు నేను అందరికీ గట్టిగా చెప్పేది, కారణం వేరే ఎక్కడో వెతకండి అని. మణికట్టు దగ్గర ఒత్తిడి, మోచేయి దగ్గర ఒత్తిడి, మెడ ఎముకల అరుగుదల, షుగర్, బీ12 లోపం, ఇలా చాలా ఉంటాయి.

ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. చిటికెన వేలు తిమ్మిరెక్కి, కొద్దికొద్దిగా వంకర పోతూ, ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ ఉంటే, మోచేతి లోపలి ఎముక వెనక నరం తాడులా లావెక్కి చేతికి తగులుతుంటే, అది కుష్ఠు కావచ్చు. ఆ మాట వినగానే మొహం మారిపోతుంది, తెలుసు. కానీ అది మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. సిగ్గుపడి ఆలస్యం చేస్తే వేళ్ల వంకర మిగిలిపోతుంది.

చేతిలో ఇలాంటి కలయికలు ఇంకేమన్నా ఉన్నాయా?

ఇంకో మూడు పేర్లు వింటారు.

మరినాచ్చి కలయిక మార్టిన్–గ్రూబర్‌కు తలకిందులు. ముంజేతిలోనే, అల్నార్ నుంచి మీడియన్‌లోకి. నూటికి ఒకరికి కూడా ఉండదు.

రిష్–కనియూ కలయిక అరచేతిలో, బొటనవేలి గుబ్బ దగ్గర ఉంటుంది. రెండు నరాల కండ కొమ్మలు అక్కడ కలుస్తాయి. 1897లో ఈ ఇద్దరూ విడివిడిగా రాశారు. కోసి చూసిన చేతుల్లో సగానికి పైగా కనిపించింది. చాలామందిలో దీని ప్రభావం తెలియదు. అరుదుగా మాత్రం అరచేతి చిన్న కండలన్నిటినీ అల్నారే నడిపే చేతులు ఉంటాయి. అలాంటి మనిషికి కార్పల్ టన్నెల్ బాగా ముదిరినా బొటనవేలి గుబ్బ కరిగిపోదు. గుబ్బ బాగుంది కదా అని జబ్బు లేదనుకుంటే పొరపాటే.

బెర్రెట్టిని కలయికలో వెళ్లేవి స్పర్శ పోగులు. ఉంగరపు వేలు, మధ్యవేలు మొదళ్లకు పైన, అరచేతి చర్మానికి దగ్గరగా అడ్డంగా పోతుంది. పదిమందిలో ఆరుగురికి ఉంటుంది, అంటే ఉండడమే మామూలు. మణికట్టు సొరంగం తెరిచే ఆపరేషన్‌లో కత్తి అరచేతిలోకి ఎక్కువ దూరం వెళ్తే ఇది తెగి, ఆపరేషన్ తర్వాత ఉంగరపు వేలు దగ్గర కొత్త తిమ్మిరి రావచ్చు. సర్జన్లు జాగ్రత్తపడతారు అన్నది దీని విషయంలోనే.

ఎక్స్‌రేలో కనిపిస్తుందా?

ఎక్స్‌రేలో నరాలే కనిపించవు. దీనికోసం ఎమ్మారై తీయించుకోవాల్సిన పని కూడా లేదు. కరెంటు టెస్టే సరిపోతుంది.

రెండు చేతులకూ ఉంటుందా? పిల్లలకు వస్తుందా?

కొందరికి రెండు చేతులకూ ఉంటుంది, కొందరికి ఒక్క చేతికే. కొన్ని కుటుంబాల్లో తరాల వెంట కనిపించిన దాఖలాలున్నాయి. ఇది కనిపెట్టడం కోసమని పిల్లలకు టెస్టు చేయించకండి. ఒకమ్మాయి పెళ్లి సంబంధం వాళ్లకు చెప్పాలా అని వాళ్ల అమ్మగారు నన్ను అడిగారు. అక్కర్లేదండీ, చెవి తమ్మె అతుక్కుని ఉందా, వేలాడుతోందా అన్నలాంటి తేడా ఇది.

టెస్టుకు వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

చేతులకు నూనె, క్రీము రాసుకోవద్దు, ఎలక్ట్రోడ్ జారిపోతుంది. గాజులు, ఉంగరాలు, వాచీ తీయడానికి వీలుగా రండి. తినే రావచ్చు, పరగడుపు అవసరం లేదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. కొందరికి దీనితో పాటు కండలో సూది గుచ్చి చూసే ఈఎంజీ కూడా రాస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

చేతులు చల్లగా ఉంటే నరం వేగం తగ్గి కనిపిస్తుంది. చర్మం 32 డిగ్రీలైనా ఉండాలి. మే నెలలో మన బెజవాడ ఎండకు ఆ బాధ లేదు గానీ, డిసెంబరు పొద్దున్నే బైక్ మీద వచ్చినవాళ్ల చేతులు మంచుముద్దల్లా ఉంటాయి. గోరువెచ్చటి నీళ్లలో పెట్టించి, కాసేపు ఆగి మొదలుపెడతాం. ఆలస్యం చేస్తున్నామని విసుక్కోకండి.

షాక్ నొప్పి పెడుతుందా అంటే, చురుక్కుమంటుంది, చేయి ఎగురుతుంది. అంతకు మించి ఏమీ ఉండదు.

మేం మెడిసిన్ మొదటి సంవత్సరం. డిసెక్షన్‌లో ఇది మాకెందుకు కనిపించదు?

తొందర వల్ల. నేను ఒకసారి అనాటమీ మేడమ్ ఒకరి పక్కన నిలబడి చూశాను. ముంజేతి పైపొర కండలు విడదీసి, వేళ్లను ముడిచే పైకండను నెమ్మదిగా ఎత్తి పట్టుకున్నారు. కింద లోతు కండ మీద, అల్నార్ ధమని పక్కన, మాల కట్టే దారమంత సన్నగా ఒక తెల్లటి పోగు ఏటవాలుగా పోతోంది. చుట్టూ ఉన్న పల్చటి పొరలాగే ఉంది. పిల్లలైతే “శుభ్రం” చేసే ఊపులో ఆ పొరతో పాటు లాగిపారేసేవాళ్లు. మేడమ్ దాన్ని ఫోర్సెప్స్ కొసతో తాకకుండా, వేలితోనే చుట్టూ తడుముతూ రెండు చివర్లూ దొరికే దాకా వెళ్లారు. పై చివర మీడియన్‌లో, కింది చివర అల్నార్‌లో. అందరూ ఒక్కసారిగా టేబుల్ మీదికి వంగారు.

ఆ ముంజేయి ఒక రిటైర్డ్ టీచర్‌ది అని చెప్పారు. ఆయనే బతికుండగా రాసిచ్చి వెళ్లారట. తన చేతిలో ఈ పోగు ఉందని ఆయనకు తెలిసి ఉండదు. మీరు మాత్రం కండల పొరల మధ్య ఏ సన్నటి దారం కనిపించినా రెండు చివర్లూ చూసే దాకా తెంపకండి. ఏ చేతికి ఉందో, ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిందో రికార్డులో బొమ్మ గీసుకోండి.

ఈ రిపోర్టు దాచుకోవాలా?

దాచుకోండి. ఫోటో తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోండి. కుడి చేతికో ఎడమ చేతికో దాని మీదే పెన్నుతో రాయండి. ముందు ముందు చేతికి దెబ్బ తగిలినా, చేతి ఆపరేషన్‌కు వెళ్లినా, వేరే ఊళ్లో మళ్లీ కరెంటు టెస్ట్ రాసినా ఆ కాగితాన్ని ముందే చూపించండి. టెస్ట్ అయిపోయాక కాదు, కుర్చీలో కూర్చోగానే.